పైడి ఇంటికి మెలి పరీక్ష

పెట్టె 188. ఫెయిలు.

ఫలితం గడిలో ఒక్క మాట రాస్తే ఆఫీసుకి చాలు. పక్కనున్న వ్యాఖ్యల గడి ఖాళీగా వదిలేసినా ఎవరూ అడగరు, నింపినా ఎవరూ చదవరు. నాకు ముందు ఈ షెడ్డులో ఉన్న పెద్దాయన మధ్యాహ్నం ఏం కూర తిన్నాడో కూడా అందులో ఎక్కించేవాడు. ఆ అలవాటు నాకూ అంటుకుంది.

ఈ రోజు ఎండ నడినెత్తికి వచ్చాక 188 లోపలికి వెళ్ళి, బయటినుంచి తలుపులు వేయించుకున్నాను. వెలుతురు పరీక్ష అంటే ఇంతే. లోపల కటిక చీకటి. కళ్ళు అలవాటు పడేదాకా నేలమీద కూర్చోవాలి. ఆ తర్వాత ఇనపరేకులో ఎక్కడ సూదిమొనంత కన్నమున్నా వెలుగు చుక్కలా పైకి తేలుతుంది. చుక్క కనబడినచోటల్లా సుద్దముక్కతో సున్నా చుట్టాలి. పెట్టె ఇంక ఇల్లుగా నీళ్ళ మీదకి వెళ్ళేది. అందులో మనుషులు వండుకుంటారు, పడుకుంటారు, పిల్లల్ని కంటారు. వెలుగు వచ్చే చోటునుంచి నీళ్ళూ వస్తాయి.

188లో సున్నాలు చాలానే చుట్టాను. అన్నీ ఎడమవైపు అతుకు మీదే.

ఈ కొండరేవు యార్డులో రేకులు కొయ్యడానికి, మొయ్యడానికి, రంగు కొట్టడానికి యంత్రాలున్నాయి. అతుకు మాత్రం వాటివల్ల కాలేదు. ఒకప్పుడు ఓడల మీద దేశదేశాలు సరుకు మోసిన కంటైనర్లివి. ఓడలు ఆగిపోయాక ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో నానాయి. రేకు ఒక్కోచోట ఒక్కో మందం. యంత్రం అంతటా ఒకే మంట పెట్టి కొత్త కన్నాలు చేస్తుంది. అందుకని అతకడానికి మనుషుల్ని పెట్టారు. వాళ్ళు అతికింది చూడడానికి నన్ను పెట్టారు.

188 ఎడమ అతుకు వేసింది లోవ. లోవ నా భార్య. యార్డులో చేరిన నాటినుంచి ఆమె వేసిన పెట్టె ఒక్కటి కూడా నేను వెనక్కి పంపలేదు. ఆమె అతుకు మీద వేలు పెట్టి రాస్తే చేపపొలుసు మీద రాసినట్టు ఒకే వరసలో తగిలేది. కొత్తగా వచ్చిన వెల్డర్లని మేనేజరు ప్రసూన గారు ముందుగా లోవ దగ్గరికే పంపేవారు.

ఇంటికి వచ్చాక చెప్పాను. "రాడ్లు చెమ్మెక్కుంటాయి మావా" అంది లోవ, బియ్యం కడుగుతూ. అయ్యుండొచ్చు. ఈ గాలికి ఏదైనా చెమ్మెక్కుతుంది.


పెట్టె 193. ఫెయిలు.

మళ్ళీ లోవదే. మధ్యలో వచ్చిన ఇంకోటి కూడా ఆమెదే, అదీ వెనక్కి పంపాను. ఈసారి రాడ్లు కొత్త పెట్టెలోంచి తీసినవే.

మధ్యాహ్నం అన్నం దగ్గర లోవ అడిగింది. "వరసపెట్టి నావన్నీ కొట్టేత్తన్నావంట. షెడ్డులో అందరూ నవ్వుతున్నారు. ఇంట్లో ఏదైనా గొడవైందా అని అడుగుతున్నారు నన్ను."

"కన్నాలున్నాయి లోవా. లేకపోతే నేనెందుకు కొడతాను?"

"పద, చూపించు."

గిన్నె మూత పెట్టేసి లేచింది. 193 లోపలికి ఇద్దరం వెళ్ళాం. తలుపులు వేయించాను. చీకట్లో ఆమె బట్టల్లోంచి కాలిన రాడ్డు వాసన వచ్చింది. పెళ్ళయినప్పటినుంచి మా ఇంటి వాసన అదే. నేల మీద పక్కపక్కన కూర్చున్నాం. కాసేపటికి ఎడమ గోడ పై అంచున చుక్కలు పొడిచాయి. ఒక కన్నం మిగతా వాటికన్నా పెద్దది. అందులోంచి ఎండ సన్నటి దారంలా దిగి లోవ భుజం మీద పడింది.

"ఏదీ?" అంది.

"ఆగు. కళ్ళు అలవాటు పడాలి."

"పడ్డాయి మావా. ఏటీ లేదు. మూకుడు బోర్లించినట్టుంది."

నేను చెయ్యెత్తి చూపిద్దామనుకున్నాను. ఈలోగా ఆమే గోడవైపు తిరిగింది. ఆ వెలుగు దారం సరిగ్గా ఆమె కంట్లో పడింది. రెప్ప వెయ్యలేదు. కన్ను చెమర్చలేదు. గోడవైపే చూస్తూ, "చూడు, ఎంత బాగా కుదిరిందో" అంది.

"పద, అన్నం చల్లారిపోద్ది" అన్నాను. తలుపు తీయమని లోపలినుంచి కొట్టాను. ఆమె నాతో వాదించి గెలిచినదానిలా బయటికి నడిచింది. గడప దగ్గర కాలు తడబడితే నా మోచెయ్యి పట్టుకుంది. ఈమధ్య ఎక్కువగా నా మోచెయ్యి పట్టుకుంటోంది. ఇన్నాళ్ళూ అది ముద్దు అనుకున్నాను.

సాయంత్రం ఆమె లేనప్పుడు సున్నాలు చుట్టాను.


పెట్టె 197. పాసు. (లోవది కాదు.)

రెండు రోజులు ఆ మాట ఎత్తలేకపోయాను. ఈ పొద్దున్న డ్యూటీకి ముందు, క్వార్టర్ల మెట్ల మీద ఇద్దరం కూర్చుని టీ తాగుతుంటే, "లోవా, నీ కళ్ళు" అన్నాను.

"తెలుసు" అంది.

కింద, ఒకప్పుడు వరి పండిన చోట, మనిషి లేని లాగుడు పడవ ఒకటి తనంతట తను మలుపు తిరుగుతోంది. లోవ అటే చూస్తోంది. ఆ పడవ ఆమెకి కనబడుతోందో లేదో నాకు తెలియదు.

"ఎప్పట్నించి?"

"పోయిన వానల్నించి. ముందు రాడ్డు కొస కనబడ్డం మానేసింది. తర్వాత అతుకు గీత. ఇప్పుడు నీ మొకం కూడా మద్దెలో తుడిపేసినట్టుంటాది. చెవులు కనబడతాయి." చిన్నగా నవ్వింది.

"మరి ఇన్నాళ్ళూ ఎలా అతికావే?"

"చప్పుడు బట్టి. బాగా పడతంటే నూనెలో పకోడీలు ఏగినట్టు ఒకే తీరు చప్పుడు. తేడా వత్తే చిటపటమంటాది. చల్లారాక ఏళ్ళతో తడిమి చూసుకుంటాను." తన వేళ్ళు చాపింది. కొసలన్నీ బొబ్బలెక్కి, గట్టిపడి ఉన్నాయి. పూర్తిగా చల్లారేదాకా ఆగి ఉండదు.

"డాక్టరు దగ్గరికెల్దాం."

"ఎల్లొచ్చాను. మంట వెలుగు కంటి లోపలి పొరని తినేసిందన్నాడు. ఇంక తిరిగి రాదన్నాడు."

నాకు చెప్పకుండా ఆ కొండమీది ఆస్పత్రికి ఒక్కతే ఎలా వెళ్ళిందో, ఆ మాట విని ఒక్కతే ఎలా దిగి వచ్చిందో అడగాలనిపించింది. అడగలేదు. టీ గ్లాసు ఆమె చేతిలోంచి తీసుకుని కడిగాను.

"ప్రసూన గారికి నేనే చెప్తాను, పని మానేత్తానని" అంది లోవ. "కానీ మావా, తర్వాతొచ్చేది పైడి పెట్టె. అదొక్కటీ నన్ను వెయ్యనీ."

పైడి ఆమె చెల్లెలు. వాళ్ళమ్మ పోయినప్పుడు పైడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. లోవే ఎత్తుకు తిరిగి పెంచింది. మొగుడు ఎర్రయ్యతో కలిసి నడిలంక తేలుడు పల్లెలో పీతలు పెంచుకుంటోంది. ప్లాస్టిక్ డ్రమ్ములు కట్టిన తెప్ప మీద తాటాకు కప్పు, అదీ వాళ్ళ ఇల్లు. పెట్టె ఇంటికోసం పేరిచ్చి ఏళ్ళవుతోంది. ఈ వాన కాలానికి వాళ్ళ వంతు వచ్చింది.

"తప్పుంటే ఫెయిలు చేత్తాను లోవా. అది పైడిదైనా సరే."

"చెయ్యి. చెయ్యకపోతే నాతో ఇంక మాటాడకు. అది నా చెల్లి పడుకునే ఇల్లు."

సరేనన్నాను. పరీక్షలున్నాయి కదా, తప్పు ఉంటే దొరుకుతుంది కదా అనుకున్నాను. దొరికితే ఏమవుతుందన్నది అప్పుడు ఆలోచించలేదు.


పెట్టె 204. పని నడుస్తోంది.

ఇంకా పరీక్షకి రాని పెట్టె గురించి రాయకూడదు. అయినా రాస్తున్నాను.

లోవ ఇంత నిదానంగా పని చెయ్యడం ఎప్పుడూ చూడలేదు. చెవి రిక్కించి జానెడు అతకడం, షీల్డు ఎత్తడం, గ్లవుజు తీసి తడమడం. నచ్చకపోతే గ్రైండరుతో కోసేసి మళ్ళీ మొదలు. పక్క వెల్డర్లు రెండు పెట్టెలు ముగించేసరికి ఆమెది సగం కూడా కాలేదు. ఎవరూ ఏమీ అనలేదు. చెల్లెలి ఇల్లు కదా, ముద్దుగా చేసుకుంటోంది అనుకున్నారు.

పల్లెలతో మాట్లాడే రేడియోలో పైడి రోజూ వస్తోంది. ఇంటి గురించి ఆమెకి ఉన్న అనుమానాలు అన్నీ ఇన్నీ కావు.

"బావా, కిటికీ తూర్పుకి పెట్టమని చెప్పావా అక్కకి?"

"పైడీ, అది తేలే ఇల్లు. ఈ రోజు తూర్పు రేపు ఉత్తరం అవుద్ది."

"అయితే నాలుగు ఏపులా పెట్టమను."

"నాలుగు వైపులా కిటికీలు పెడితే దాన్ని పెట్టె అనరు, జల్లెడ అంటారు."

అటు నుంచి నవ్వు. వెనకాల ఎర్రయ్య ఏదో అంటున్నాడు. "మా ఆయన అడగతన్నాడు, గుమ్మం ఎత్తు ఎంతని. ఉన్న గుమ్మానికి రోజూ నుదురు కొట్టుకుంటన్నాడు పాపం. అక్కా, ఉన్నావా? ఇల్లు రాగానే మొదట పీతల కూర వండుతాను. నువ్వూ బావా రావాలి. రాకపోతే ఆ కూర నీళ్ళల్లో పారబోత్తాను."

"వత్తాం" అంది లోవ. షీల్డు నెత్తిమీదకి తోసుకుని, మైకు దగ్గరగా వంగి ఉంది. చెల్లెలితో మాట్లాడేటప్పుడు ఆమె గొంతు చిన్నదైపోతుంది. "నీ ఇంటి అతుకులన్నీ నావే పైడీ. ఒక్కటి కూడా ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వలేదు."

"మరి అందుకే కదా ఇన్నేళ్ళు ఆగాను" అంది పైడి.

కళ్ళ సంగతి పైడికి తెలియదు.


పెట్టె 204. ఫెయిలు.

పెట్టెలు మోసుకెళ్ళే బార్జి మధ్యాహ్నానికే బయల్దేరుతుందని పొద్దున్నే కబురు వచ్చింది. సముద్రంలో వాయుగుండం పుట్టింది. అది బలపడేలోగా పెట్టెలన్నీ పల్లెలకి చేరిపోవాలి. ఆ తర్వాత తుఫాను వెలిసేదాకా ఇంకో బార్జి లేదు. 204 ఒక్కటే ఇంకా నా దగ్గర ఉంది. ప్రసూన గారు వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. లోవ ఓ పక్కన డ్రమ్ము మీద కూర్చుంది.

ముందు వెలుతురు పరీక్ష. ఎండ పలచగానే ఉంది కాబట్టి బయట చుట్టూ లైట్లు వేయించాను. లోపల కూర్చున్నాను. ఒక్క చుక్క లేదు. అంత నిఖార్సైన చీకటి చాలాకాలంగా చూడలేదు. కావలసినదానికన్నా కాసేపు ఎక్కువే కూర్చున్నాను. పైడి పొయ్యి ఎక్కడ పెడుతుందో, ఎర్రయ్య వలలు ఎక్కడ తగిలిస్తాడో ఊహించుకున్నాను.

నీళ్ళ పరీక్ష. గొట్టంతో నాలుగు వైపులా కొట్టించాం. లోపల పొడి సున్నం చల్లి చూశాను. ఎక్కడా తడి లేదు.

నేల మీద బరువులు పెట్టాం. వంగలేదు.

లోవ ముఖం విప్పారింది. ప్రసూన గారు ఆమె భుజం తట్టారు.

మెలి పరీక్ష చివరిది. పెట్టెని కింద నాలుగు మూలలా నేలకి బిగించి, పైమూలల్ని జాకీలతో ఒకసారి ఇటు, ఒకసారి అటు తోస్తాం. పెద్ద అల వచ్చినప్పుడు ఇల్లు ఎలా ఒళ్ళు విరుచుకుంటుందో అలా. కుడికి తోశాం. పెట్టె మూలిగింది, నిలబడింది. ఎడమకి తోశాం. సగం దాకా బాగానే ఉంది. అప్పుడు వినబడింది, వేలు విరిచినట్టు చిన్న చప్పుడు.

జాకీ ఆపేయించాను. చప్పుడు నాకన్నా ముందు లోవకి వినబడింది. నేను వంగేసరికే లేచి నిలబడి ఉంది.

"ఎక్కడ?" అంది.

వెనక ఎడమ మూల, స్తంభం కింది పట్టీని కలిసే చోట. అతుకు అంచున వెంట్రుక వాసి పగులు, నా చిటికెన వేలంత పొడవు. లోవ చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళాను. చూపుడువేలు దాని మీద పెట్టాను. ఆ వేలు పగులు వెంట ఆ కొస నుంచి ఈ కొసకి నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది.

"ఇక్కడ చప్పుడు బానే వినబడింది నాకు" అంది చిన్నగా.

నేను ప్రసూన గారి దగ్గరికి వెళ్ళాను. "ఈ మూల కోసి కొత్త రేకు వెయ్యాలి మేడమ్. బార్జి రేపటిదాకా ఆగదా?"

"ఆగదు నూకరాజు గారూ. ఆగితే దాని మీదున్న ఇళ్ళన్నీ తుఫానులో చిక్కుకుంటాయి."

"పోనీ వేరే పెట్టె ఏదైనా వాళ్ళకి..."

ఆవిడ కోప్పడలేదు. "అన్నింటికీ పేర్లున్నాయి. అందరూ మీ మరదల్లాగే ఏళ్ళ తరబడి కాసుకున్నవాళ్ళే. ఎవరి ఇల్లు తీసి ఇమ్మంటారో మీరే చెప్పండి, ఇస్తాను."

ఎవరి పేరు చెప్పను?

పగులు చిన్నది. మెలి పరీక్షలో పగులు చిన్నదైనా పెద్దదైనా ఒకటే. చిన్నది అలల మీద పెద్దదవుతుంది. ఆ మాట కొత్తవాళ్ళకి నేనే చెబుతుంటాను. సుద్దముక్క చేతిలో పట్టుకుని ఆ మూల ముందు నిలబడ్డాను. వెనకనుంచి లోవ అంది, "రాసెయ్యి మావా."

రాశాను.

పైడితో రేడియోలో నేనే మాట్లాడాను. అటు గాలి హోరుగా ఉంది. "పోన్లే బావా. ఇన్నేళ్ళు ఆగాం, ఇంకో నెల ఆగలేమా? అక్క ఏడుత్తందా? ఏడవద్దని చెప్పు. ఇంకో రెండు తాళ్ళు కట్టుకుంటాం, తెప్ప ఎక్కడికీ పోదు" అంది.

లోవ ప్రసూన గారి గదికి వెళ్ళి తన కళ్ళ సంగతి చెప్పేసింది. హోల్డరు, షీల్డు బల్ల మీద పెట్టి వచ్చింది. తాళ్ళ షెడ్డులో పని ఇస్తామన్నారట.


పరీక్షలు లేవు.

తుఫాను వెలిసింది. యార్డులో సగం షెడ్లకి కప్పులు లేవు. రేడియో స్తంభం వంగిపోయింది. దాన్ని నిలబెట్టేదాకా కింది పల్లెల్లో ఎవరున్నారో ఎవరు లేరో తెలియలేదు. లోవ రేడియో గది గుమ్మం దగ్గరే కూర్చుంది. అన్నం పట్టుకెళ్తే తినేది. ఏం మాట్లాడినా జవాబు చెప్పేది.

నడిలంక నుంచి మొదట మాట్లాడినామె పైడి పక్కింటామె. మేం పంపిన బార్జి మీద ఇల్లు అందుకున్నామె. మా పెట్టెలన్నీ నిలబడ్డాయని చెప్పింది. రెండు రోజులు అటూ ఇటూ కొట్టుకున్నా ఒక్క ఇల్లు కూడా మునగలేదంది. మా యార్డుకి దండం పెట్టింది.

తర్వాత పైడి గురించి చెప్పింది. గాలి ఎక్కువయ్యాక వాళ్ళని తమ ఇంట్లోకి రమ్మని కేకేశారట. వస్తామన్నారట. ఎర్రయ్య పైడి చెయ్యి పట్టుకుని తెప్ప అంచుదాకా వచ్చాడట. సరిగ్గా అప్పుడే తాళ్ళు తెగాయి. తెప్ప తిరగబడింది. ఆ తర్వాత డ్రమ్ములు కనబడ్డాయి గాని మనుషులు కనబడలేదు. ఇద్దరూ దొరకలేదు.

లోవ ఆమెకి, "సరేనమ్మా, నువ్వు జాగర్త" అంది. మైకు బల్ల మీద తడుముకుంటూ దాని చోట పెట్టింది.

ఇంటికి వచ్చాం. ఆమె గోడకి ఆనుకుని కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఏడిస్తే దగ్గరికి తీసుకుందామని చూశాను. ఏడవలేదు. నాకు ఏడుపొచ్చింది. చప్పుడు బయటికి రానివ్వకుండా ఏడ్చాను. అయినా ఆమెకి వినబడే ఉంటుంది.


పెట్టె 204. తేలింపు పరీక్ష.

తాళ్ళ షెడ్డు నుంచి వచ్చాక లోవ నిన్న అడిగింది. "మావా, ఆ పగులు నీ చిటికెన వేలంతే కదా."

"అంతే."

"దాంతో నడిలంక దాకా ఎల్లి, ఆ రెండు రోజులూ తేలేది కాదా?"

తెలియదు అనాలి. టెస్టరుగా నేను చెప్పగలిగింది అంతే. కానీ ఆమె మధ్యలో తుడిచిపెట్టుకుపోయిన నా ముఖం వైపు చూస్తోంది. "తేలేదేమో" అన్నాను.

"చూద్దాం" అంది.

పెట్టె షెడ్డు వెనకే ఉంది. తుఫాను దాన్ని కదపలేదు. వెళ్ళి ప్రసూన గారిని అడిగాం. "దీనివల్ల మీకేం వస్తుంది?" అన్నారు. లోవ, "ఏటీ రాదండి" అంది. ఆవిడ ఒప్పుకున్నారు.

తేలింపు పరీక్ష అన్ని పెట్టెలకీ చెయ్యం. దానికి రోజంతా పడుతుంది, ఉన్నది ఒక్క కొలను. కొండని తొలిచిన పాత రాతిగుంటలోకి సముద్రపు నీళ్ళు వదిలారు. ఒక పక్కన గోడంత పలక ఉంటుంది, అది ముందుకీ వెనక్కీ ఊగి అలలు పుట్టిస్తుంది. పొద్దున్నే క్రేనుతో 204ని అందులో దింపించాను. ఇద్దరు మనుషులకీ, వాళ్ళ సామానుకీ సరిపడా ఇసకబస్తాలు లోపల వేయించాను. అలల పలక మీటని తుఫాను గీత మీద పెట్టాను; ఆ జోరులో ఒక్క పగలు బయటి తుఫానులో రెండు రోజులతో సమానం. క్రేను మనిషి వెళ్ళిపోయాడు. గట్టు మీద మేమిద్దరమే మిగిలాం.

ఎండ నీళ్ళ మీద పడి మెరుస్తోంది. లోవకి ఆ మెరుపు తప్ప ఇంకేమీ తెలియదని నాకు తెలుసు. అలలు రాళ్ళకి కొట్టుకునే హోరులో పెట్టె చప్పుడు కూడా కలిసిపోయింది.

"ఉందా?" అంది.

"ఉంది."

పెట్టె అల మీదకి ఎక్కుతోంది, జారుతోంది. ఒక్కోసారి సగందాకా నీళ్ళలోకి వెళ్ళి మళ్ళీ లేస్తోంది. అది మునగాలని కోరుకుంటున్నానా, తేలాలని కోరుకుంటున్నానా? ఎంత వెతుక్కున్నా నాకే తెలియలేదు. మునిగితే నేను రాసింది సరైన మాటే. పైడి ఎలాగూ దక్కేది కాదు. కానీ అప్పుడు ముంచింది లోవ అతుకు అవుతుంది.

మధ్యాహ్నం తెచ్చుకున్న అన్నం ఇద్దరం ముట్టుకోలేదు.

"ఉందా?"

"ఉంది."

పెట్టె కొంచెం ఎడమకి ఒరిగింది. నీళ్ళు లోపలికి వెళ్తున్నాయి. ఇంక దిగిపోతుందనుకున్నాను. దిగలేదు. ఒరిగినట్టే ఉండి ఊగుతోంది. ఎండ కొండ వెనక్కి జారింది. రాళ్ళ నీడలు నీళ్ళ మీదకి వచ్చాయి.

అప్పుడు లోవ మళ్ళీ అడిగింది, "ఉందా మావా?"

ఆ క్షణంలో తోచింది నాకు. మునిగిపోయింది అని ఒక్క మాట అంటే చాలు. చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఇంటికి వెళ్ళాక, ఇంక ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదని ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోవచ్చు. నోరు తెరిచాను. ఆమె వేళ్ళు గట్టు రాయి అంచుని పట్టుకుని ఉన్నాయి. ఆ బొబ్బలు ఇంకా మానలేదు.

"ఉంది" అన్నాను.

"లోపల నీళ్ళెన్ని వచ్చాయో చూడు."

పలక జోరు తగ్గించి, తాడుతో దాన్ని గట్టుకి లాక్కుని, తలుపు పైభాగం తీసి లోపలికి దిగాను. ఇసకబస్తాల కింది వరస తడిసింది. నీళ్ళు నా చీలమండ దాకా ఉన్నాయి. బయటికి వచ్చి చెప్పాను.

"చీలమండ దాకా అయితే పైడి తోడిపోసుకునేది" అంది లోవ. "చిన్నప్పుడు మా పడవలో నీళ్ళు తోడిపోసేది అదే. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు."

లేచింది. నా మోచెయ్యి అందించాను. అందుకోలేదు. కొండ గోడని తడుముకుంటూ మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. నేను ఒక మెట్టు కింద నడిచాను. సగం ఎక్కాక ఆగింది.

"మునిగిందని చెప్పొచ్చు కదా నువ్వు. నాకేటి కనబడతాది?"

"చెప్పొచ్చు."

"మరి?"

"నువ్వేసిన అతుకు లోవా. అది మునగలేదు."

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. పైడి పోయిందని తెలిసిన నాటినుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని, చిన్నపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది. దగ్గరికి రమ్మనలేదు, వెళ్ళమనలేదు. నేను ఒక మెట్టు కింద నిలబడ్డాను.

అలల పలకని పూర్తిగా ఆపడం మరిచిపోయాను. కింద పెట్టె గోడలకి నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు మెట్ల దాకా వినబడుతోంది.

"ఎల్లి ఆపేసి రానా?" అని అడిగాను.

వద్దంది. కాసేపు వింటానంది.